సంధిపత్రములలో ప్రజల స్థానము
(పెంటపాడు పఠనమందిరమున చేసిన ఉపన్యాసము)



నేడు మన గోదావరి సీమనుండి విద్యకై విదేశములకు బోవు యువకు లనేకులు. ఆ దేశములన్నియు నిలకడగలవి కావు. 2022లో ఉక్రెయిను యుద్ధజ్వాలలలో చిక్కినపుడు మన తెలుగు విద్యార్థులు నేలమాళిగలలో తలదాచుకొని, పొరుగు దేశముల సరిహద్దులు దాటి ఇల్లు చేరిరి. ఇట్టి భయముచేతనే తలిదండ్రులు "అచ్చటి గొడవలు మనకేల నాయనా, చదువుకొని రమ్ము" అని బోధింతురు. అది ప్రేమతో పలికిన మాటయే. కాని అంతటితో చాలదని చెప్పుటకే ఒక తెలుగు విద్యార్థి చరిత్రమును మీ ముందుంచుచున్నాను.

వరాహగిరి వేంకటగిరిగారు 1894లో బరంపురమున జన్మించి, 1913లో న్యాయశాస్త్రము చదువుటకై ఐర్లాండునందలి డబ్లిను నగరమున కేగిరి. ఆ యేడే అచ్చటి యజమానులు సంఘములో చేరిన కార్మికులను పనిలోనికి రానీయక ద్వారములు మూసిరి. నెలల తరబడి వేలకొలది కుటుంబములు పస్తులుండెను. 1914 జూలైలో లండను రాజభవనమున నాయకులు గూడి, ఐర్లాండు స్వపరిపాలననుండి అల్‌స్టరు ప్రాంతమును మినహాయించు విషయమై నాలుగు దినములు వాదించిరి. టైరోను, ఫెర్మనా జిల్లాల తగవు తెగక లేచిపోయిరి. పటముపై గీత ఎచ్చట గీయవలయునని తర్కించిరే గాని, పస్తులున్న డబ్లిను కార్మికునకు ఆ సభలో పీట లేదు.

సెప్టెంబరులో స్వపరిపాలన శాసనమైనను, మహాయుద్ధము పేరిట దాని అమలు నిలిచెను. 1916 ఏప్రిల్ 24న డబ్లినులో తిరుగుబాటు లేచెను. గిరిగారికి చదువు చెప్పిన తామస్ మెక్‌డోనా మే 3న, కార్మిక నాయకుడు జేమ్సు కానలీ మే 12న తుపాకి గుండ్లకు బలియైరి. గిరిగారికిని జూలై 1లోగా దేశము విడువవలయునని ఆజ్ఞ వచ్చెను. స్వదేశమునకు మరలిన పిదప ఆయన రైల్వే కార్మికుల సేవకు పూనుకొనిరి.

1947లో ఆయనయే సింహళమున మన హైకమిషనరైరి. ఆయన కొలంబోలో నుండగనే 1948 పౌరసత్వ శాసనము పుట్టి, తరతరములుగా తేయాకు తోటలలో చెమటోడ్చిన భారత సంతతివారిని లక్షలాదిగా ఏ దేశమునకును చెందనివారిని జేసెను. 1964 అక్టోబరులో ఇరుదేశముల ప్రధానులు ఒడంబడిక చేసికొని 5,25,000 మందిని భారతమునకును, 3,00,000 మందిని సింహళమునకును పంచిరి. 1,50,000 మంది సంగతి పిమ్మట చూతమనిరి. ఆస్తి పంపకములో నైనను వాటాదారులను పిలుతురే! ఇచ్చట తోట కార్మికుల సంఘములను సంప్రదింపకయే మనుష్యులను వాటాలు వేసిరి.

ఇది పరదేశపు ముచ్చట యని ఊరకుండరాదు. 2014లో పోలవరము నిమిత్తము ఖమ్మము మండలములు మన రాష్ట్రమున కలిసినవి. అచ్చటి కొండజనుల సమ్మతి మాటేమని మనమును అడుగవలసియున్నది.

విదేశమున చదువు మన బిడ్డలు అచ్చటి కలహములలో దూకవలయునని నే ననను. అతిథి మర్యాద అతిథికి గలదు. ప్రాణరక్షణ ముఖ్యము. కాని కన్నులు మూసికొని రావలదు. సంధి జరుగుచున్నదని విన్నపుడు, ఎవరు సంతకము చేసిరని మాత్రమే గాక, ఎవరి బ్రతుకుపై సంతకము జరిగెను, వారిని ఎవరైన అడిగిరా యని విచారింపుడు. కన్నది మీ ఊరి పఠనమందిరమునకు జాబు వ్రాయుడు. పట్టముతోబాటు ఆ ప్రశ్నను గూడ ఇంటికి దెచ్చిన విద్యార్థియే దేశమునకు అక్కరకు వచ్చును.