మెయిన్ ఆపేశాం కదా, ఇంకేం భయం? వరద తగ్గాక ఇంట్లో అడుగు పెట్టే ముందు

ఈ రోజు ఫోన్ రివ్యూ లేదు, కోడింగ్ లేదు. మా బాబాయ్ వాళ్ళింట్లో జరిగింది ఒకటి చెప్తా.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. విజయవాడ సింగ్ నగర్ మునిగిన రోజు గుర్తుందా? అప్పట్లో టీవీలన్నీ ప్రకాశం బ్యారేజీనే చూపిస్తున్నాయి. 11 లక్షల క్యూసెక్కులు దాటింది మరి. కానీ మా వాళ్ళ ఇల్లు ముంచింది కృష్ణ కాదు, వెనక నుంచి వచ్చిన బుడమేరు. గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు. పిన్ని, బాబాయ్ కట్టుబట్టలతో బయటపడ్డారు.

నీళ్ళు తీశాక నేను హైదరాబాద్ నుంచి వెళ్ళా. గోడ మీద నా ఛాతీ ఎత్తున గీత గీసినట్టు బురద మరక. లోపల చీకటి. బాబాయ్ మంచోడు, జాగ్రత్త గల మనిషి, ముందే మెయిన్ ఆపేశాడు. ఇన్వర్టర్ మాత్రం మెట్ల మలుపులో ఎత్తు మీద ఉంది, తడవలేదు. దాని బటన్ మీద వేలు పెట్టి, "ఒరేయ్, మెయిన్ ఆపేశాం కదా, దీని మీద ఒక లైట్ వేసుకుందాం" అన్నాడు.

నేను అరిచిన అరుపుకి పక్కింటి వాళ్ళు కూడా వచ్చేశారు.

ఎందుకంటే, మెయిన్ ఆపితే బయటి కరెంటు మాత్రమే ఆగుతుంది. ఇన్వర్టర్ మీ ఇంట్లోనే ఉన్న ఇంకో కరెంటు ఆఫీసు. బ్యాటరీ 12 వోల్టులే అయినా, అది వైర్లలోకి పంపేది 230 వోల్టులే. సోలార్ ఉన్నా ఇదే కథ. మేం మడమల లోతు బురదలో నిలబడి ఉన్నాం. తర్వాత ఎలక్ట్రీషియన్ వచ్చి స్విచ్ బోర్డు విప్పితే లోపల నుంచి బురద నీళ్ళు కారాయి. గోడలోని పైపుల్లో కూడా నీళ్ళే. అదే ఆ రోజు లైట్ వేసి ఉంటే... సరే, వదిలేయండి.

"ఎంసీబీ ఉందిగా, పడిపోతుంది" అంటారు కొందరు. ఇళ్ళలో మామూలుగా ఉండేవి 6, 10, 16 ఆంపియర్లవి. మనిషి ప్రాణం తీయడానికి అందులో వందో వంతు కూడా అక్కర్లేదు. లీకేజీ పట్టేది ఆర్‌సీసీబీ. ఇంటికి 30 మిల్లీ ఆంపియర్లది పెట్టించుకోండి. నేను బీటెక్ నాలుగేళ్ళు చదివినా ఇది నాకు చెప్పింది ఆ ఎలక్ట్రీషియన్ అన్నే.

కాబట్టి మెయిన్ ఆఫ్, ఇన్వర్టర్ ఆఫ్, టార్చ్ పట్టుకుని లోపలికి. మెయిన్ దగ్గరికి నీళ్ళలో నడిచి వెళ్ళాల్సి వస్తే మీరు ముట్టుకోకండి, లైన్‌మన్‌ని పిలవండి. గ్యాస్ వాసన వస్తే అగ్గిపుల్ల గీయొద్దు, బయటికొచ్చేయండి. కాలికి బూట్లు ఉండాలి. మంచం కింద, బీరువా వెనక చెయ్యి పెట్టే ముందు కర్రతో కదపండి, పాములు పొడి చోటు వెతుక్కుని అక్కడే చేరతాయి.

కడిగే ముందు ప్రతి గదీ వీడియో తీయండి. ఫ్రిజ్, టీవీ మీద సీరియల్ నంబర్లతో సహా. మా పిన్ని ఆత్రంగా ముందే కడిగేసింది, ఇన్సూరెన్స్ వాళ్ళు ఫొటోలు అడిగితే మా దగ్గర లేవు.

బురద తడిగా ఉన్నప్పుడే తోసేయండి. ఆరిందంటే సిమెంటే. బ్లీచింగ్ పౌడర్ ఆ తర్వాత. బురద మీదే చల్లితే దాని బలమంతా బురదకే ఖర్చవుతుంది, క్రిములు అలాగే ఉంటాయి. ముందు సబ్బు నీళ్ళతో కడిగి, తర్వాత బ్లీచింగ్ నీళ్ళు.

ఇక్కడ పిన్ని రెండో షాక్ ఇచ్చింది. బ్లీచింగ్ బకెట్లోనే బాత్రూమ్ యాసిడ్ పోయబోయింది. "రెండూ కలిపితే ఇంకా బాగా పోతుందిరా" అని. పోయేది మనం, పిన్నీ! ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. తలుపులేసిన బాత్రూమ్‌లో ఊపిరి ఆడదు. టాయిలెట్ క్లీనర్లలో కూడా యాసిడ్ ఉంటుంది, గుర్తు పెట్టుకోండి.

సంపు క్లీన్ చేయాలని ఎవరూ దిగకండి. మూత వేసి ఉన్న సంపులో గాలి చెడిపోయి ఉంటుంది. ఒకరు పడిపోతే కాపాడదామని రెండో వాడు దిగుతాడు, అలాగే ఇద్దరూ పోతారు. దిగకుండా 112కి ఫోన్ చేయండి. నీళ్ళు మోటారుతో బయటికి తోడించి, మిగతాది తెలిసిన వాళ్ళతో చేయించండి. అప్పటిదాకా తాగే నీళ్ళు తెర్లా కాచినవే.

దూది పరుపులు, ఫ్రిజ్‌లోవి, నీళ్ళు తగిలిన బియ్యం, మందులు పారేయండి. పిన్ని బియ్యం బస్తా దగ్గర చాలాసేపు కూర్చుంది. ఏం మాట్లాడలేకపోయా.

ఇంకోటి. కాలికి దెబ్బతో ఆ నీళ్ళలో తిరిగారా? తర్వాత రెండు మూడు వారాల్లో జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళు ఎర్రబడటం ఏది వచ్చినా డాక్టర్‌కి "వరద నీళ్ళలో నడిచాను" అని మీరే చెప్పండి. ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ అయి ఉండొచ్చు. మీరు చెప్పకపోతే ఆయన మామూలు జ్వరం అనుకునే ప్రమాదం ఉంది.

మునిగిన బైక్ సంగతి వచ్చే ఎపిసోడ్‌లో మా మెకానిక్‌తోనే చెప్పిస్తా. అప్పటిదాకా కిక్ మాత్రం కొట్టకండి, ఇంజిన్‌లో నీళ్ళుంటాయి. ఉంటా, బై.