ఒడుదుడుకుల వ్యాపారం, మన యువత కష్టార్జితం



అమీర్‌పేట మైత్రివనం పరిసరాలలో సాఫ్ట్‌వేర్ శిక్షణ ప్రకటనల సరసన ఇప్పుడు షేర్ల ట్రేడింగ్ శిక్షణ ప్రకటనలూ చేరాయి. పంజాగుట్టకు చేరువలోనే, సోమాజిగూడలో, ఒకనాడు హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజ్ ఉండేది. 1943లో ఆరంభమైన ఆ సంస్థ 2007లో గుర్తింపు కోల్పోయింది. నేడు ఆ బజారు మన పిల్లల చేతిలోని ఫోనులోకి వచ్చింది. కనుక దాని స్వభావాన్ని మనం తెలుసుకోక తప్పదు.

స్వల్పకాలిక ట్రేడింగుకు ప్రాణం ధరల ఒడుదుడుకులే. ఏళ్ల తరబడి వాటా ఉంచుకొనే మదుపరి కంపెనీ ఆర్జన నుండి ఫలితం ఆశిస్తాడు. ఉదయం కొని సాయంత్రం అమ్మేవానికి ధర కదిలితేనే గిట్టుబాటు. కదలకుంటే బ్రోకరేజీ, పన్నులు అసలును తినివేస్తాయి. అయితే లాభం తెచ్చే కదలికే నష్టాన్నీ తెస్తుంది. పైగా పడినంత శాతమే లేస్తే సరిపోదు. సగానికి పడిన ధర పూర్వస్థితికి రావాలంటే రెట్టింపు కావాలి. 2009 జనవరి 7న మన నగరపు సత్యం కంప్యూటర్స్ షేరు ఒక్కరోజులో సుమారు 78 శాతం కూలింది. ఆ నష్టం పూడాలంటే ధర దాదాపు నాలుగున్నర రెట్లు కావలసి ఉండెను.

దీనికి అరువు తోడైతే ప్రమాదం హెచ్చుతుంది. 2024 జూన్ 3న నిఫ్టీ 3 శాతానికి పైగా ఎగసింది; మరునాడు, ఓట్ల లెక్కింపు రోజున, దాదాపు 6 శాతం పడిపోయింది. 20 వేల సొంత సొమ్ముతో లక్ష రూపాయల వాటాలు పట్టినవానికి ఆ పతనం 6 వేలు, అనగా తన సొమ్ములో 30 శాతం.

ఆప్షన్లలో మరొక మెలిక ఉన్నది. పెద్ద వార్తకు ముందు భయం పెరిగి ప్రీమియం ఉబ్బుతుంది. వార్త తేలగానే భయం తగ్గి ప్రీమియం కుంచించుకుపోతుంది. అందువల్ల ధర ఎటు పోతుందో సరిగ్గా ఊహించినవాడు సైతం నష్టపోవచ్చును.

2024 సెప్టెంబరులో సెబీ వెలువరించిన అధ్యయనం ప్రకారం, అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాలలో ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన వ్యక్తులలో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు మించింది. 2023-24లో ఇందులో దిగినవారిలో 43 శాతం మంది ముప్పై ఏళ్ల లోపువారు. నాలుగింట మూడువంతుల మందికి పైగా వార్షికాదాయం 5 లక్షల లోపే. అదే ఏడాది లాభపడిన పెద్ద సంస్థలు ఆ లాభంలో అత్యధిక భాగం కంప్యూటరు అల్గారిథంల ద్వారా ఆర్జించాయి. ఫోను పట్టుకొన్న కుర్రవాడు తలపడుతున్నది వాటితోనే.

వడ్డీకి దూరంగా ఉండదలచిన కుటుంబాలకు బ్యాంకులలో తగిన మార్గం లేదు. వడ్డీ రహిత బ్యాంకింగ్ ప్రతిపాదనను రిజర్వు బ్యాంకు 2017లో పక్కనపెట్టింది. ఆ మార్గాన్ని మనం మళ్లీ మళ్లీ కోరవలసి ఉన్నది. అది లేదన్న కారణం చూపి జూదాన్ని వ్యాపారమని పిలువరాదు. సెబీ నమోదు లేని సలహాదారుని మాట వినకండి. అప్పు తెచ్చిన సొమ్మును, చెల్లెలి పెళ్లి సొమ్మును, చదువు ఫీజును ఈ బజారులోకి తేకండి. వాటా కొనేటట్లయితే కంపెనీని చూసి, సొంత సొమ్ముతో, ఓపికతో కొనండి.