కరోల్ లొంబార్డ్ హాస్యచిత్రములు

శ్రోతలలో హాస్యనటనమును సులభమైన పనిగా తలచువారు కొందఱుందురు. హాలీవుడ్ నటి కరోల్ లొంబార్డ్ చిత్రములను చూచినచో ఆ తలపు నిలువదని మా విశ్వాసము.

1908లో ఇండియానా రాష్ట్రమున జన్మించిన ఈమె మాక్ సెనెట్ సంస్థ వారి చిన్న ప్రహసనములలో పరుగులిడుట, పడుట, లేచుట అభ్యసించెను. 1934లో హోవర్డ్ హాక్స్ తీసిన ‘ట్వంటియత్ సెంచురీ’లో జాన్ బారీమోర్ వంటి రంగస్థల దిగ్గజమునకు దీటుగా నిలిచి, మాటకు మాట అప్పగించెను.

1936 నాటి ‘మై మాన్ గాడ్‌ఫ్రీ’ ఆర్థికమాంద్యపు దినముల కథ. ధనికులు వినోదపు పందెము కొఱకు చెత్తదిబ్బల నడుమ బ్రదుకుచున్న నిరుపేదను వెదకి తెత్తురు. ఆ యింటి చిన్నకూతురుగా లొంబార్డ్ ప్రతి వెఱ్ఱిమాటను మనసారా నమ్మి పలుకును. నవ్వింపవలెనను యత్నమే కానరాదు; అందుచేతనే నవ్వు ఆగదు. ఆస్కార్ పోటీకి ఆమె పేరు వచ్చినది ఈ యొక్క చిత్రమునకే. బహుమానము మాత్రము రాలేదు.

కడపటిది ఎర్నస్ట్ లూబిట్ష్ దర్శకత్వమున వచ్చిన ‘టు బీ ఆర్ నాట్ టు బీ’. నాజీల చేజిక్కిన వార్సాలో ఒక నాటకసమాజము వారు మాఱువేషములతో శత్రువును వంచింతురు. చిత్రము విడుదల కాకమునుపే, 1942 జనవరి 16న, యుద్ధ ఋణపత్రముల విక్రయమునకై వెళ్ళి మరలివచ్చుచు, విమానప్రమాదమున ఆమె మరణించెను. అప్పటికి వయస్సు 33 ఏండ్లు. వార్సా దుఃఖముపై పరిహాసమేలయని ఆనాడు కొందఱు విమర్శకులు ఆక్షేపించిరి. ఆ నవ్వు బాధితులపై కాదు, బాధించువారిపై. కనుకనే మొదట ఈ చిత్రమునే చూడుడని మా మనవి.