మాటలు వాళ్ళవి, పేరు పెట్టేది మనం

(ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల మహిళా కార్యకర్తల శిక్షణలో చేసిన ప్రసంగ పాఠం)



మీరంతా ఊళ్ళు తిరిగి స్త్రీలతో మాట్లాడుతున్నారు. నోటుపుస్తకాలు నిండుతున్నాయి. తీరా నివేదిక రాయడానికి కూర్చునేసరికి ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదంటున్నారు. విన్న మాటలను అంశాలవారీగా కూర్చడం ఎట్లా, ఆ అంశాలకు పేర్లు పెట్టడం ఎట్లా అన్నదే ఇవాళ్టి విషయం. పేరేగదా అనుకోకండి. మనం సమస్యకు ఏ పేరు పెడితే ప్రభుత్వం దానికే మందు వేస్తుంది.

మన జిల్లా అనుభవమే చూడండి. 1990-91లో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. ఆ చదువు వెంటే కలిగిరి మండలం దూబగుంటలో స్త్రీలు సారా మీద తిరగబడ్డారు. 1992లో జిల్లాలో వేలంపాటలను అడ్డుకున్నారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు.

ఆ స్త్రీలు మాట్లాడింది ఒక్క సారా గురించేనా? ఇంటికి చేరని కూలి డబ్బు గురించి, తన్నుల గురించి, పిల్లల చదువు గురించి మాట్లాడారు. తాగునీళ్ళు లేని ఊరికి సారా మాత్రం వేళకు ఎట్లా వస్తోందని అడిగారు. వీటన్నిటికీ 'సారా సమస్య' అని ఒకే పేరు పెడితే, కొట్టు మూయగానే సమస్య తీరిపోయినట్టు లెక్క. గృహహింస నుంచి రక్షణ చట్టం కోసం 2005 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇక పని వరస. విన్నది ఆ రాత్రే, ఆమె అన్నట్టే రాయండి. మన భాషలోకి మార్చి 'భర్త మద్యపాన వ్యసనపరుడు' అని రాస్తే ఆమె మాట అక్కడే పోతుంది. తర్వాత అన్నీ ఒకటికి రెండుసార్లు చదివి, ప్రతి మాట పక్కనా అది దేని గురించో రెండు ముక్కల్లో గుర్తు పెట్టండి. ఒకే రకం గుర్తులున్నవి ఒకచోట చేర్చండి.

ఉదాహరణకు మనమే మూడు మాటలు అనుకుందాం. ఒకామె 'నా కూలితోనే ఇల్లు గడుస్తుంది' అంది. ఇంకొకామె 'బియ్యం డబ్బాలో దాచినా వెతికి తీసుకుపోతాడు' అంది. మూడో ఆమె 'నా కూలి కూడా మేస్త్రి ఆయన చేతికే ఇస్తాడు' అంది. వీటిపైన 'ఆర్థిక సమస్యలు' అని రాస్తే అది ఫైలు మీద పేరు మాత్రమే, ఏమీ చెప్పదు. 'సంపాదన ఆమెది, డబ్బు మీద అధికారం ఆమెది కాదు' అని రాయండి. అప్పుడు మన కోరిక కూడా మారుతుంది. కొట్టు మూయించడంతో పాటు, ఆమె కూలి ఆమె చేతికే ఇవ్వాలని అడుగుతాం.

ఈ పద్ధతి గురించి 2006లో వర్జీనియా బ్రాన్, విక్టోరియా క్లార్క్ అనే ఇద్దరు పరిశోధకులు రాశారు. అంశాలు మాటల్లోంచి వాటంతట అవే పైకి తేలవు, ఎంచేది పరిశోధకులేనని వాళ్ళు గట్టిగా చెప్పారు. ఎంచేది మనమైనప్పుడు జవాబుదారీ కూడా మనమే.

అందుకే అడ్డం తిరిగే మాటను దాచకండి. 'మా ఆయన చుక్క ముట్టడు, అయినా కొడతాడు' అని ఒక్కామె అన్నా చాలు, 'తాగుడు వల్లే హింస' అన్న మన అంశం మళ్ళీ రాసుకోవాలి. ఉదయగిరి మెట్ట ఊరి మాటనూ, సోమశిల జలాశయం దగ్గరి ఊరి మాటనూ ఒకే గంపలో పోయకండి. ఇరవైమందితో మాట్లాడి శాతాలు కట్టకండి. ఎంతమందితో, ఎక్కడ, ఎవరి ఎదుట మాట్లాడారో మొదటి పేజీలోనే చెప్పండి. అత్తగారి ఎదుట చెప్పిన మాట వేరు, చేలో చెప్పిన మాట వేరు.

స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ పోరాట స్త్రీల కథలు ఎవరివి వారివిగా ఉంటాయి. మన నివేదిక అట్లా కాదు, కథలను ముక్కలు చేసి కలుపుతుంది. ముక్క ఎవరిదో మనకు తెలియాలి, ఊరికి తెలియకూడదు. పేరు మార్చినంత మాత్రాన చాలదు. 'సారా కొట్టు ఎదురింటామె' అని రాస్తే ఊరంతా గుర్తుపడుతుంది. ఆ రాత్రి దెబ్బలు పడేది ఆమెకు, మనకు కాదు.

చివరిగా, అచ్చుకు ఇచ్చేముందు నివేదికను ఆ ఊరికి తీసుకువెళ్ళి చదివి వినిపించండి. 'మేమన్నది ఇది కాదు' అంటే దిద్దండి. వాళ్ళు వద్దన్న మాట ఎంత బలమైనదైనా తీసేయండి. ఆ తర్వాతే కలెక్టరు బల్ల మీద పెట్టండి.