రష్యా చమురుకు జరిమానా, దిండి రొయ్యకు కోత

(దిండిలో ఆక్వా రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఢిల్లీకీ వాషింగ్టన్‌కీ తగువొస్తే వశిష్ట గట్టున ఉన్న మన చెరువులకేంటని కొందరు అడుగుతున్నారు. 2024-25లో మన దేశం నుంచి 7.41 లక్షల టన్నుల ఫ్రోజెన్ రొయ్య ఎగుమతైతే, 3.11 లక్షల టన్నులు ఒక్క అమెరికాయే కొంది. అందులో పెద్ద వాటా ఆంధ్ర చెరువులది. అసలు వనామీ మన నీళ్లలో పుట్టిందే కాదు, పసిఫిక్ తీరానిది. 2009లో కేంద్రం అనుమతిచ్చాక వచ్చింది. తల్లి రొయ్యలు నేటికీ అమెరికా నుంచి విమానమెక్కి చెన్నై క్వారంటైన్‌లో దిగుతున్నాయి. తల్లి అక్కడిది, కొనేవాడు అక్కడివాడు. మధ్యలో అప్పు, వైరస్, కరెంటు బిల్లు మనవి.

సుంకాల గొడవ ట్రంప్‌తో మొదలవలేదు. అమెరికా జాలర్లు 2003 డిసెంబరు ఆఖరున ఫిర్యాదు చేస్తే 2005 నుంచి మన రొయ్య మీద యాంటీ డంపింగ్ సుంకం పడింది. మన ప్రభుత్వం సబ్సిడీలిస్తోందని 2024లో మరో 5.77 శాతం కలిపారు. ఆ జాలర్ల మీద మనకు కోపం లేదు, వాళ్లూ మనలాగే ధర లేక చితికినవాళ్లే. అయితే 2025 ఆగస్టు 7న వేసిన 25 శాతం, 27న కలిపిన మరో 25 శాతం సంగతి వేరు. రెండోది రష్యా నుంచి చమురు కొన్నందుకు శిక్షట. చమురు కొన్నది దిండి రైతు కాదు. అన్నీ కలిపి దాదాపు 58 శాతమైంది. మనతో పోటీపడే ఈక్వెడార్‌కు అప్పుడు వేసిన కొత్త సుంకం 15 శాతమే.

ఇక మన ఇంటి సంగతి. ఏప్రిల్ 2న 26 శాతమని ట్రంప్ ప్రకటించగానే ఇక్కడ కొనుగోలుదారులు రేటు కోసేశారు. ఆ 26 శాతాన్ని వారం తిరక్కుండానే ఆపి, 10 శాతం మాత్రమే వసూలు చేశారు. కోసిన రేటు మాత్రం అంత తొందరగా వెనక్కి రాలేదు. పెద్ద కౌంట్లు ఎక్కువగా అమెరికా వెళ్తాయి, సరే. మరి అక్కడికి పెద్దగా పోని 100 కౌంటుకు ఎందుకు తగ్గించారు? దీనికి ఇంతవరకు ఎవరూ సూటిగా జవాబు చెప్పలేదు.

2011 ఖరీఫ్‌లో ఈ కోనసీమలోనే వరికి సెలవు ప్రకటించి ప్రభుత్వాన్ని కదిలించాం. రొయ్యతో ఆ పట్టు పట్టడం కష్టం. ధాన్యం పురిలో ఆగుతుంది. కౌంటుకొచ్చిన రొయ్య ఆగదు, ఉంచిన ప్రతిరోజూ మేత తింటుంది, ఏరియేటర్లు తిరగాలి, ఏ రాత్రి ఆక్సిజన్ పడిపోతుందో తెలీదు. ఈ భయాన్ని చూసే అవతలివాడు బేరమాడతాడు. చెరువులన్నీ ఒకేసారి పట్టుబడికి రాకుండా సీడ్ వేసే తేదీలు ఊరివారీగా మాట్లాడుకోవాలని మేం అంటున్నది అందుకే.

బ్రిటన్‌తో జులై 24న ఒప్పందం కుదిరింది. అమల్లోకొస్తే రొయ్య మీద సుంకం పోతుంది. మంచిదే, కానీ అమెరికా కొనేదంతా బ్రిటన్ కొనలేదు.

ఒక్కమాట గట్టిగా చెప్పాలి. అమెరికాతో బేరం కుదుర్చుకోవడానికి కేంద్రం మరో రైతును ఇచ్చేస్తానంటే మనం ఒప్పుకోకూడదు. ఆగస్టు 19న విదేశీ పత్తి మీద 11 శాతం సుంకం ఎత్తేశారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. గుంటూరు, ఆదిలాబాద్ రైతు పత్తి అమ్ముకునే నెలలవి! మే నెలాఖరున ముడి వంట నూనెల దిగుమతి సుంకం 20 నుంచి 10 శాతానికి దించారు. చౌక పామాయిల్ వస్తే మన కొబ్బరి చెట్టుకు తగలదా? రొయ్య రైతు, పత్తి రైతు, పాల రైతు వేర్వేరుగా ఢిల్లీ వెళ్తే ఒకరిని చూపించి ఇంకొకరి నోరు మూయిస్తారు.

కౌంటువారీ ధర 2020 చట్టం కింద ఏర్పడిన రాష్ట్ర ఆక్వా అథారిటీ రోజూ ప్రకటించాలి, అంతకంటే తక్కువకు కొంటే చర్య తీసుకోవాలి. జోన్, నాన్ జోన్ అని చూడకుండా యూనిట్ రూపాయిన్నరకే ఇవ్వాలి. సుంకం ఉన్నన్నాళ్లూ పంట అప్పులకు వడ్డీ ఆపాలి.

ఏప్రిల్ నుంచి అమ్మిన ప్రతి పట్టుబడి చీటీ నకలు ఈ నెలాఖరులోగా మీ గ్రామ కమిటీకి ఇవ్వండి. తేదీ, కౌంటు, కిలో ధర కనిపించాలి. కౌలు రైతులూ ఇవ్వాలి, భూమి ఎవరి పేరున ఉన్నా ఫర్వాలేదు. అవి పట్టుకునే అమలాపురం కలెక్టరేట్‌కు వెళ్తాం.