గర్భములో గంతులు వేసిన శిశువు
(వారాసిగూడ స్త్రీల మైత్రి కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ నూరేండ్ల పండుగలో స్త్రీల మైత్రి పక్షమున నాలుగు మాటలు చెప్పమన్నారు. కట్టిన మందిరములను గురించి, నడిపిన బడులను గురించి పెద్దలు చెప్పియున్నారు. మేము మన పుస్తకములలో ఎక్కని వారిని గురించి చెప్పదలచుకొన్నాము. బాప్తిస్మముల పుస్తకములో వారి పేరు లేదు, సమాధుల పుస్తకములోనూ లేదు. తల్లి కడుపులోనే కన్నుమూసిన బిడ్డలు వారు. 1969 నాటి జనన మరణముల చట్టము ఇటువంటి బిడ్డను సైతము నమోదు చేయవలెనని చెప్పుచున్నది. సర్కారు పుస్తకములో చోటున్నది గాని సంఘ పుస్తకములో లేదు.

ఇది ఎక్కడో ఒకరికి జరిగే సంగతి కాదు. ఏడవ నెల దాటిన తరువాత ప్రాణము లేకుండ పుట్టిన బిడ్డలు 2019లో ప్రపంచమంతటా సుమారు 20 లక్షలు. అందులో మన దేశములోనే సుమారు 3 లక్షల 40 వేలు. ఏ దేశములోనూ ఇంతమంది లేరు. వీరిలో అన్ని ప్రాణములూ నిలుపదగినవని వైద్యులు చెప్పరు, కొన్నిటికి కారణమే తెలియదు. కాని చాలవరకు నిలుపవచ్చునని చెప్పుదురు.

మా కూడికలో ఒక సహోదరి ఉన్నది. పేరు చెప్పము. పదునైదు సంవత్సరములు మా ప్రక్కనే కూర్చుండి పాటలు పాడినది, ఈ సంగతి మాత్రము ఎన్నడును నోరు విప్పలేదు. ఒక శుక్రవారము, ప్రార్థన విన్నపములు అడిగినప్పుడు, ఉన్నట్టుండి చెప్పినది. తొమ్మిదవ నెలలో ఒక శనివారము బిడ్డ కదలిక తగ్గినదట. ఇంటి పెద్దావిడతో అంటే, "నెలలు నిండినయి గద బిడ్డా, లోపల జాగ లేదు, అందుకే మెదుల్తలేదు. రేపు చర్చికి పోయొచ్చినంక చూద్దాం" అన్నదట. ఆ పెద్దావిడ చెడ్డది కాదు. తన తల్లి చెప్పిన మాటే చెప్పినది. సోమవారము ఆసుపత్రికి పోయేసరికి గుండె చప్పుడు వినిపించలేదు.

అప్పుడు ఆమెను చూడబోయిన వారిలో మేమూ ఉన్నాము. "దేవుని చిత్తము, ఏడవకు, మళ్ళీ ఇస్తాడు" అని పది నిమిషములలో ప్రార్థన ముగించి వచ్చినాము. ఆమె చెప్పుచుండగా ఆ పది నిమిషములు మాకు గుర్తుకు వచ్చినవి. ఆమె ముగించిన తరువాత మరి ఇద్దరు లేచి తమ బిడ్డల సంగతి చెప్పినారు. ఒకామెకు ఇప్పుడు అరువదియేండ్లు.

నెలలు నిండితే బిడ్డ మెదలడన్న మాట తప్పు. కదలిక తీరు మారవచ్చును గాని తగ్గకూడదు. తగ్గినదని తల్లికి అనిపించిన ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. రాత్రియైతే 108కి ఫోను చేయవలెను, తెల్లవారువరకు ఆగకూడదు. పోయిన తరువాత ఏమీ లేదని పంపివేస్తే అది సిగ్గుపడవలసిన సంగతి కాదు.

ఈ సంగతి ఎట్లు చెప్పవలెనని ఆలోచించినప్పుడు మాకు లూకా సువార్త మొదటి అధ్యాయము దొరికినది. ఎలీసబెతుకు ఆరవ నెల. మరియ వందనము వినగానే శిశువు గంతులు వేసినాడు. ఎన్ని క్రిస్మసులకు ఈ భాగము చదివినామో! ఎలీసబెతు తన బిడ్డ కదలికను గుర్తుపట్టినది, పైకి చెప్పినది, ప్రక్కనున్న మరియ ఆ మాట విన్నది. పైగా మరియ సుమారు మూడు నెలలు అక్కడే ఉండిపోయినది. చివరి నెలలలో ఒక తోడు! వైద్యుడైన లూకా ఈ వివరము ఊరకే వ్రాయలేదని మా నమ్మకము, వేదాంత పండితులు ఒప్పుకొన్నను ఒప్పుకొనకపోయినను.

కథకు ఏమి శక్తి ఉన్నదో మన సంఘములకు ఒకరు చెప్పనక్కరలేదు. ఐడా స్కడ్డర్ అమ్మగారు ఒకే రాత్రి విన్న మూడు పిలుపుల కథ ఆదివారపు బడులలో విన్నవారమే. మగవైద్యుని రానీయక ముగ్గురు గర్భవతులు చనిపోయినారు. ఆ కథ చెప్పి చెప్పియే వెల్లూరు ఆసుపత్రికి కానుకలు కూడినవి, 1918లో స్త్రీలకు వైద్య విద్యాలయము తెరువబడినది. అయితే ఆ మువ్వురి కడుపులోని బిడ్డల మాట కథ చెప్పేవారు ఎత్తగా మేము వినలేదు.

కాబట్టి మేము ఒక బుర్రకథ కట్టినాము. తంబుర పట్టినది ఒక రిటైర్డు టీచరమ్మ, డక్కీలు పట్టినవారు ఆమె కోడలు, మరొక సహోదరి. మొదటిసారి చెప్పినప్పుడు పెద్ద పొరపాటు చేసినాము. కథలో అత్తను దుష్టురాలిగా పెట్టినాము. హాస్యము చెప్పేవారు అత్తను ఎగతాళి చేస్తే కోడండ్రు నవ్వినారు. ముందు వరుసలోని పెద్దవాండ్లు కొంగు సర్దుకొని ఒక్కొక్కరే లేచిపోయినారు. ఆటో పిలువవలసినది, పైకము తీయవలసినది ఆ పెద్దవాండ్లే! వారినే పోగొట్టుకొన్నాము. మరి మూడు వారములు కూర్చుండి కథ మార్చినాము. ఇప్పుడు అత్తే "నా చిన్నప్పుడు మా అమ్మ ఇట్లనే ఆగమన్నది, నేనొక బిడ్డను పోగొట్టుకున్న, నిన్ను ఆగనియ్య" అని కోడలి చెయ్యి పట్టుకొని బయలుదేరును. ఆ చోట తంబుర ఆపి ఊరకుందుము. సభలో ఎవరో ఒకరు ఏడ్చుట మానలేదు.

హాస్యగాడికి వేరే పని పెట్టినాము. ఇనుప మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడతాడని అతడనును, వంత పాడే ఆమె బుద్ధి చెప్పును. మన ఇండ్లలో ఇప్పటికీ అనే మాటే గద. మనకు నడకదూరములో, యూనివర్సిటీ ప్రక్కన, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాదుకు వచ్చినది. రక్తహీనత తగ్గించుటకు ఇనుము కలిపిన ఉప్పును తయారుచేసినవారు అక్కడివారే. ఆ గోడ ప్రక్కనే బస్సు ఎక్కే మనము మాత్రలను సజ్జ మీద దాచిపెట్టుచున్నాము.

రక్తపోటు చూపించుకొనుట, గుర్రపువాతము రాకముందే కాళ్ళ వాపును, తలనొప్పిని చెప్పుట, చక్కెరకును సిఫిలిసుకును రక్తపరీక్ష, చివరి నెలలలో వెల్లకిల కాక ప్రక్కకు తిరిగి పండుకొనుట, ఇవన్నియు పాటలో వచ్చును. 2016 నుండి ప్రతి నెల 9వ తేదీన సర్కారు ఆసుపత్రులలో గర్భవతులకు ఉచిత పరీక్షలున్నవని ముగింపులో చెప్పుదుము. భర్తలారా, ఆ తేదీ మీకే చెప్పుచున్నాము.

ఒక దినము నడిరాత్రి ఒక కోడలిని అత్త ఆటోలో తీసికొనిపోయినది. బుర్రకథ విన్న మనిషే. బిడ్డ బ్రతికినది, ఇప్పుడు మందిరములో బెంచీల క్రింద దూరుచున్నది. మరొక ఇంట అన్నియు సరిగానే చేసినారు, అయినను బిడ్డ దక్కలేదు. ఆ ఇంటికి ఈసారి పది నిమిషములకు పోలేదు, వారము దినములు వంతులవారీగా వండిపెట్టి కూర్చున్నాము.

పోయిన సమాధుల పండుగనాడు, మేము మొదట చెప్పిన సహోదరి ఒక చిన్న కొవ్వొత్తి తెచ్చినది. ఎక్కడ పెట్టవలెనో ఆమెకు తెలియదు, బిడ్డను ఎక్కడ పూడ్చినారో ఆమెకు ఎవరును చెప్పలేదు. గురువుగారు ఆమెను అడిగి, ఆ బిడ్డకు పెట్టదలచుకొన్న పేరును ప్రార్థనలో పైకి చదివినారు. ఆ పేరు వ్రాయుటకు సమాధుల పుస్తకములో ఒక పేజీ కావలెనని కమిటీకి మేము అర్జీ ఇచ్చియున్నాము.