హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పందేలు

(ఖరగ్‌పూర్‌లో జరిగిన మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శి గారు నాకు ఫోన్ చేసి, "సుబేదార్ గారూ, ఈసారి పిల్లలు కూడా వస్తున్నారు. మీరు సికింద్రాబాద్‌లో ఉన్నప్పుడు చూసిన పడవ పందేల సంగతి చెప్పండి" అన్నారు. నేను ఇంటర్మీడియట్ చదువుతో ఈఎంఈలో వెహికల్ మెకానిక్‌గా చేరిన మనిషిని. ప్రసంగాలు అలవాటు లేదు. నా కళ్ళతో చూసింది, చేత్తో చేసింది చెబుతాను.

ఖరగ్‌పూర్ వాళ్ళకి పడవ పందెం ఏమిటని మీకు అనిపించవచ్చు. మనది రైల్వే ఊరు. మన తాతలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో పని కోసం ఇక్కడికి వచ్చారు. మనకి తెలిసిన నీళ్ళంటే కంసావతి నది, లేకపోతే దీఘా సముద్రం. కానీ నేను చెప్పబోయేది నీళ్ళ గురించి కంటే ఒక క్లబ్బు తన సంవత్సరాన్ని ఎలా నడుపుకుంటుందన్న దాని గురించి. అది మన సంఘానికి కూడా పనికొస్తుందని నా నమ్మకం.

హైదరాబాద్, సికింద్రాబాద్ జంట నగరాల మధ్య హుస్సేన్‌సాగర్ ఉంది. 16వ శతాబ్దంలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో తవ్వించిన చెరువు. మధ్యలో బుద్ధుడి విగ్రహం 1992లో నిలబెట్టారు. ఆ నీటి మీద సైన్యానికి ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ ఉంది. సికింద్రాబాద్ క్లబ్బు వాళ్ళ సెయిలింగ్ విభాగం కూడా ఉంది. 2009లో సుహేమ్ షేక్ గారు యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ మొదలుపెట్టారు. ఏటా వానాకాలంలో జరిగే హైదరాబాద్ సెయిలింగ్ వీక్‌కి దేశం నలుమూలల నుంచి సెయిలర్లు వస్తారు.

ఆ సీజన్ వానాకాలంలోనే ఎందుకంటే, నైరుతి రుతుపవనాల గాలి జులై, ఆగస్టు నెలల్లో పడమటి వైపు నుంచి బాగా వీస్తుంది. ఎండాకాలంలో గాలి నిలకడగా ఉండదు, పైగా నీళ్ళు వాసన కొడతాయి. వినాయక నిమజ్జనం అయ్యాక కొన్నాళ్ళు నీళ్ళల్లో కర్రలు, ఇనుప చువ్వలు ఉంటాయి. అందుకని నిమజ్జనానికి ముందే పెద్ద పందేలు ముగించుకోవడం మంచిదని అక్కడి వాళ్ళ అనుభవం.

నన్ను 1997లో అక్కడికి పంపింది పడవ నడపడానికి కాదు. రెస్క్యూ బోట్లకు ఔట్‌బోర్డ్ ఇంజన్లు ఉంటాయి. వాటిని ఏ నిమిషంలో తాడు లాగినా స్టార్ట్ అయ్యేలా ఉంచడం నా డ్యూటీ. అలా ఒడ్డున ఉండి, రెస్క్యూ బోటులో తిరిగి, ఆ ఆట నేర్చుకున్నాను.

పిల్లల కోసం ఆట కాస్త వివరంగా చెబుతాను. తెరచాప పడవ ఎదురుగాలికి తిన్నగా వెళ్ళలేదు. గాలికి ఇంచుమించు 45 డిగ్రీల వాలుగా కొంత దూరం కుడికి, మళ్ళీ తిప్పి కొంత దూరం ఎడమకి, అలా మెలికలు తిరుగుతూ పైకి వెళ్ళాలి. మన ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడవు 1072 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ ప్లాట్‌ఫారం వచ్చేదాకా ప్రపంచంలో మనదే పెద్దది. ఆ చివరి నుంచి గాలి వీస్తోంది, మీరు ఈ చివర నుంచి అక్కడికి పడవలో వెళ్ళాలి అనుకోండి. మెలికలతో కలిపి కిలోమీటరున్నర ప్రయాణం అవుతుంది. ఎప్పుడు తిప్పాలి, ఎటు తిప్పాలి అన్నదే తెలివి. ఇద్దరూ ఒకే రకం పడవలో ఉన్నా, గాలి మారడాన్ని ముందు పసిగట్టినవాడు ముందు చేరతాడు. హుస్సేన్‌సాగర్ చుట్టూ ఎత్తైన భవనాలు ఉండటం వల్ల అక్కడ గాలి నిమిషానికో రకంగా మారుతుంది. అక్కడ గెలిచినవాడు ఎక్కడైనా నిలబడతాడని సెయిలర్లు చెప్పుకుంటారు.

మా రోజుల్లో లేజర్, ఎంటర్‌ప్రైజ్ పడవలు ఎక్కువ. ఎంటర్‌ప్రైజ్‌లో ఇద్దరు కూర్చోవాలి, తెరచాపలు నీలం రంగు. లేజర్ ఒక్కడే నడిపే పడవ. పొడవు 4.2 మీటర్లు, ఒట్టి పడవ బరువు 59 కిలోలు, తెరచాప ఏడు చదరపు మీటర్లు. దాన్నే 2019 నుంచి ఇల్కా అంటున్నారు. చిన్న పిల్లలకి ఆప్టిమిస్ట్ అని చిన్న పడవ ఉంది. పదిహేనేళ్ళ లోపు పిల్లలు దానిలో పోటీ చేస్తారు.

స్టార్ట్ చూడటం భలే బాగుంటుంది. ఐదు నిమిషాల ముందు ఒక జెండా ఎగరేసి హారన్ కొడతారు. నాలుగు నిమిషాలు ఉందనగా రెండో జెండా. ఒక నిమిషం ఉందనగా ఆ రెండోది దించుతారు. ఆఖరికి మొదటి జెండా దిగితే పందెం మొదలు. రైలు అయితే గార్డు జెండా ఊపేదాకా నిలబడి ఉంటుంది. పడవకి బ్రేకు లేదు. కాబట్టి ఆ ఐదు నిమిషాలూ అటూ ఇటూ తిరుగుతూ, సరిగ్గా ఆ క్షణానికి గీత దాటేలా చూసుకోవాలి. ముందే దాటినవాడు వెనక్కి వచ్చి మళ్ళీ దాటాలి.

పాయింట్ల లెక్క కూడా మంచి లెక్క. మొదటి స్థానానికి ఒకటి, రెండో స్థానానికి రెండు, అలా. ఆఖరికి ఎవరికి తక్కువ పాయింట్లు ఉంటే వాళ్ళు విజేత. తగినన్ని రేసులు జరిగితే ప్రతివాడికి తన అన్నిటికంటే చెడ్డ రేసును లెక్క నుంచి తీసేస్తారు. ఒక్క చెడ్డ రోజు వల్ల మనిషి సీజన్ మొత్తం పాడవకూడదని ఆ నియమం ఉద్దేశం.

నాకు అన్నిటికంటే నచ్చిన నియమం ఇంకొకటి ఉంది. కుడి వైపు నుంచి గాలి తగులుతున్న పడవకి దారి హక్కు. ఎడమ వైపు నుంచి తగులుతున్న పడవ తప్పుకోవాలి. తప్పుకోకపోతే, తప్పు చేసినవాడు తనంతట తానే పడవని రెండు చుట్లు తిప్పి, ఆ తర్వాతే ముందుకు పోవాలి. చాలా రేసుల్లో పక్కన విజిల్ ఊదే రెఫరీ ఉండడు. ఒప్పుకోవడం మనిషి చేతిలోనే ఉంటుంది.

ఒక సాయంత్రం రేసులో ఒక హవల్దార్ కుర్రాడు హక్కు ఉన్న వైపు నుంచి వస్తున్నాడు. ఎదురుగా ఒక కర్నల్ సాబ్ పడవ. కుర్రాడు గట్టిగా "స్టార్‌బోర్డ్" అని అరిచాడు. సాబ్ తప్పుకోబోయారు గానీ ఆలస్యమై పడవలు రాసుకున్నాయి. కర్నల్ సాబ్ ఒక్క మాట మాట్లాడకుండా అందరి ముందు పడవని రెండు చుట్లు తిప్పారు. ఈలోగా నాలుగు పడవలు ఆయన్ని దాటిపోయాయి. ఒడ్డుకి వచ్చాక ఆ కుర్రాడు సెల్యూట్ చేసి భయంభయంగా నిలబడితే, సాబ్ అతని చెయ్యి పట్టుకుని ఊపి, "నువ్వు అరవకపోతే నీకు కోపగించుకునేవాణ్ణి" అన్నారు. పరేడ్ గ్రౌండ్‌లో ర్యాంకు ఉంటుంది, ఉండాలి కూడా. గాలికి మాత్రం భుజం మీద నక్షత్రాలు కనిపించవు.

పందెం అంటే బహుమతుల రోజే అనుకుంటాం. కానీ అసలు క్లబ్బు నడిచేది మిగతా రోజుల్లో. సీజన్‌కి ముందు పడవలన్నీ బోర్లా పెట్టి, పగుళ్ళకి ఫైబర్‌గ్లాస్ అతుకులు వేసి, సాన పట్టేవాళ్ళం. తాళ్ళు మార్చేవాళ్ళం. కొత్తవాళ్ళకి ముందు ఈత పరీక్ష, తర్వాత లైఫ్ జాకెట్ కట్టుకోవడం, ఆ తర్వాత కావాలని పడవని బోల్తా కొట్టించి నిలబెట్టడం నేర్పేవారు. బోల్తా పడటం తెలియనివాడికి పడవ ఇచ్చేవారు కాదు. ఆదివారాలు కుటుంబాలు వచ్చేవి. పిల్లలని పడవల్లో తిప్పేవాళ్ళు. ఆడవాళ్ళకి తంబోలా, ఒడ్డున టీ, పకోడీ. సీజన్ ఆఖరున బడాఖానా. గెలిచినవాడూ ఓడినవాడూ ఒకే వరసలో నిలబడి ప్లేటు పట్టుకునేవాళ్ళు.

ఒక జులై మధ్యాహ్నం ఉన్నట్టుండి ఈదురుగాలి లేచి, ఐదారు పడవలు ఒక్కసారే బోల్తా పడ్డాయి. మా రెస్క్యూ బోటుకి ఒకటే ఆర్డర్: ముందు మనుషులు, తర్వాత పడవలు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, తలలు లెక్కపెట్టాం. కొత్తగా చేరిన ఒక జవాను పడవ అంచు పట్టుకుని వదలకుండా ఉన్నాడు. "పడవని వదిలి దూరం ఈదొద్దు" అన్న పాఠం అతనికి గుర్తుంది. అందరూ క్షేమంగా ఒడ్డు చేరారు. ఆ రోజు మమ్మల్ని కాపాడింది సీజన్‌కి ముందు విసుగు పుట్టేదాకా చేసిన ప్రాక్టీసే.

మళ్ళీ 2011లో సికింద్రాబాద్ పోస్టింగు వచ్చినప్పుడు ఒక కొత్త దృశ్యం చూశాను. యాట్ క్లబ్ వైపు నుంచి చిన్న చిన్న ఆప్టిమిస్ట్ పడవల్లో పిల్లలు వస్తున్నారు. అడిగితే రసూల్‌పురా బస్తీ పిల్లలన్నారు. కూలీ పనులు చేసుకునే ఇళ్ళ పిల్లలు. ఆ రకంగా నేర్చుకున్న పిల్లల్లోంచే కొంగర ప్రీతి 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో భారత జట్టులో పోటీ చేసింది. తెరచాప ఆట దొరల ఆట అని మనం అనుకుంటూ ఉండగా, బస్తీ అమ్మాయి దేశం జెండా వేసుకుని నీళ్ళ మీదకి వెళ్ళింది.

మన సైన్యం సంగతి చూడండి. 1982 ఆసియా క్రీడల్లో ఆర్మీ అధికారి ఫరోఖ్ తారాపోర్, జరీర్ కరంజియాతో కలిసి స్వర్ణం గెలిచారు. ఇప్పటి తరంలో విష్ణు శరవణన్ మన లాగే జేసీవో. ఆయన తండ్రి కూడా సైన్యంలో సెయిలరే. విష్ణు టోక్యో, పారిస్ ఒలింపిక్స్ రెండింటిలోనూ పోటీ చేశారు, 2023 ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చారు. నేవీ సోదరులు గర్వపడాల్సిన విషయం ఇంకొకటి. 2017 సెప్టెంబరు 10న ఆరుగురు మహిళా అధికారులు ఐఎన్ఎస్‌వీ తారిణి అనే 55 అడుగుల తెరచాప పడవలో గోవా నుంచి బయలుదేరి, ప్రపంచం చుట్టి 2018 మే 21న తిరిగి వచ్చారు. 254 రోజులు. ఆ ఆరుగురిలో విశాఖపట్నం అమ్మాయి పి. స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బి. ఐశ్వర్య ఉన్నారు. మన తెలుగు ఆడపిల్లలు ఇద్దరు!

ఇప్పుడు మన సంఘం విషయానికి వస్తాను. పెద్దలు నన్ను క్షమించాలి. మనం ఏడాదికి ఒకసారి కలుస్తాం. జ్యోతి వెలిగిస్తాం, దండలు వేసుకుంటాం, భోజనం చేస్తాం, సంచిక అచ్చు వేస్తాం. ఇవన్నీ ఉండాలి. కానీ ఇది బహుమతుల రోజు మాత్రమే. మనకి సీజన్ లేదు. పడవకి అతుకులు వేసే రోజులు, కొత్తవాడికి ఈత నేర్పే రోజులు మన క్యాలెండర్‌లో లేవు. మా నాన్నగారి కాలంలో పదో తరగతి పాసైన కుర్రాడు వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరితే జీవితం గట్టున పడేది. ఇప్పుడు ఆ దారి ఇరుకైంది. మన కాలనీ పిల్లలు పదహారేళ్ళకే ఏం చెయ్యాలో తెలియక సెల్ ఫోన్ పట్టుకుని కూర్చుంటున్నారు. వాళ్ళకి తెలుగు మాట్లాడటం వస్తుంది, రాయడం రాదు. ఇంకో ఇరవై ఏళ్ళకి ఈ సభలో ఈ కుర్చీల్లో ఎవరు కూర్చుంటారని నేను ఒక్కోసారి ఆలోచిస్తాను.

అందుకని మూడు మాటలు మనవి చేస్తున్నాను. మొదటిది, ఈ వేసవి నుంచి మన పిల్లలకి, ఆడపిల్లలకి కూడా, ఈత నేర్పిద్దాం. మనలో నేర్పగలిగినవాళ్ళు కనీసం పదిమంది ఉన్నారు. రెండోది, సైన్యంలో బాయ్స్ స్పోర్ట్స్ కంపెనీలు ఉన్నాయి, గోవాలో నేవీ వాళ్ళ యూత్ స్పోర్ట్స్ కంపెనీలో సెయిలింగ్ నేర్పుతారు. చిన్న వయసులోనే ఎంపిక జరుగుతుంది కాబట్టి ఆలస్యం పనికిరాదు. ఆ ప్రకటనలు చూసి ఇంటింటికీ చెప్పే బాధ్యత ఒకరు తీసుకోవాలి. ఆ పని నాకు ఇవ్వండి, చేస్తాను. మూడోది, వచ్చే వానాకాలంలో పదిమంది పిల్లలని హైదరాబాద్ తీసుకువెళ్ళి ఆ పందేలు చూపిద్దాం. మన స్టేషన్‌లో ఫలక్‌నుమా ఎక్కితే మర్నాడు సికింద్రాబాద్‌లో దిగుతాం. స్లీపర్ టిక్కెట్ల ఖర్చు మనలో పదిమంది పంచుకుంటే ఎవరికీ బరువు కాదు.

పిల్లలందరూ సెయిలర్లు కావాలని నేను అనడం లేదు. ఎదురుగాలిలో కూడా ముందుకి పోయే పద్ధతి ఒకటి ఉందని వాళ్ళు తమ కళ్ళతో చూస్తే చాలు. తిన్నగా పోలేనప్పుడు మెలిక తిరిగి పోవచ్చు, బోల్తా పడితే పడవని వదలకుండా పట్టుకుని మళ్ళీ నిలబెట్టవచ్చు.

ఈతకి పంపదలచినవాళ్ళు పిల్లల పేరు, వయసు రాసి భోజనాలకి లేచే ముందు కార్యదర్శి గారి టేబుల్ దగ్గర ఇవ్వండి. కాగితం, పెన్ను అక్కడే పెట్టించాను. 

జై హింద్.